నిదానం ప్యాచ్ కింద నా పేరు

మా తోడల్లుణ్ణి చూస్తే నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. వాడు నాకేమీ చెయ్యలేదు. మంచివాడు, మాట మెత్తన, నన్ను "అన్నయ్యా" అని తప్ప పిలవడు, నేను కూర్చున్నాకే తను కూర్చుంటాడు. దాంతో నా కుళ్ళు ఇంకాస్త పెరిగింది. కొంచెం పొగరున్నవాడైతే నాలుగు తిట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి.

అత్తవారింట్లో వాడి పేరు నిదానం. మామగారు పెట్టారు. వాడి పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో గోడగడియారం ఆగిపోయింది. నేను బ్యాటరీ మార్చాను, రెండు రోజులు నడిచి మళ్ళీ ఆగింది. వాడు దాన్ని కిందికి దించి, బల్ల మీద గుడ్డ పరిచి, పళ్ళచక్రాలు ఒక్కొక్కటీ వరుసగా పేర్చుకుంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. భోజనానికి మూడుసార్లు పిలిస్తే నాలుగోసారికి లేచాడు.

"ఏం అల్లుడూ, ఇంత నిదానమైతే ఎలా?" అన్నారు మామగారు.

"తొందరపడితే మళ్ళీ ఆగుతుంది మామయ్యగారూ" అన్నాడు వాడు.

తొమ్మిదేళ్ళయింది, ఆ గడియారం ఆగలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ గోడకి వీపు పెట్టి కూర్చుంటాను.

వాడి ఉద్యోగం ఒక ఆసుపత్రిలో. ఎక్స్‌రే విభాగంలో కంప్యూటర్లు, వైర్లు, ప్రింటర్లు చూసుకునే టెక్నీషియన్. డిప్లొమా చదివాడు, కొన్నాళ్ళు జిరాక్స్ మిషన్లు బాగుచేశాడు, ఆ తర్వాత ఇక్కడ కుదురుకున్నాడు. మెట్ల కింద ఒక గది ఇచ్చారు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, రెండో కుర్చీ మీద ఎప్పుడూ ఏదో ఒక విప్పిన మిషన్. ఎవరైనా వస్తే దాన్ని ఒళ్ళో పెట్టుకుని కుర్చీ ఖాళీ చేస్తాడు. చెవి మీద పెన్సిలు, సొరుగులో గీతల నోటుబుక్కు. ఏది చెప్పినా వాడి నోట వచ్చే మొదటి మాట "ఎందుకు?" చిన్నపిల్లలు అడిగితే ముద్దుగా ఉంటుంది. మీసాలున్నవాడు అడిగితే ఒళ్ళు మండుతుంది.

ఇక నేను. పెద్ద కంపెనీ, పద్నాలుగో అంతస్తు, అద్దాల గది. ప్రోగ్రాములు రాస్తాను. చుట్టాలు పెళ్ళిళ్ళలో నన్ను చూపించి "పెద్ద కంప్యూటర్ ఇంజనీరు" అని పరిచయం చేస్తారు. నేను రాసేది ఉద్యోగుల సెలవు దరఖాస్తుల ప్రోగ్రాం అని వాళ్ళకి తెలీదు. జనం సెలవు పెట్టుకోవడానికి నేను పద్దెనిమిదేళ్ళుగా సెలవు లేకుండా పనిచేస్తున్నాను.

నాకొక కోరిక ఉండేది. కంప్యూటర్‌లో అన్నిటికంటే అడుగున ఉండి మిగతా ప్రోగ్రాములన్నిటినీ మోసేదాన్ని కెర్నల్ అంటారు. నేను చెప్పే కెర్నల్‌కి యజమాని అంటూ ఎవరూ లేరు. దాని రాతంతా అందరి ముందూ పరిచి ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపొచ్చు. ఆ దిద్దుబాటు పేరు ప్యాచ్. దాన్ని ప్రపంచమంతా చూసే ఒక ఈమెయిల్ లిస్టుకి పంపాలి. ఒక్కో భాగానికి ఒక్కో పెద్దమనిషి కాపలా ఉంటాడు. ఆయన ఊ అంటే ప్యాచ్ లోపలికి వెళ్తుంది, రాసినవాడి పేరుతో సహా. ఆ పేరు ఇక ఎవరూ చెరిపేది కాదు. కోట్ల మిషన్లలో అడుగున ఎక్కడో నా పేరు ఉండాలని నా కోరిక.

పదకొండేళ్ళలో ఏడు ప్యాచ్‌లు పంపాను. రెండింటికి జవాబే రాలేదు. రెండు నాకంటే ముందే ఎవరో పంపేశారు. ఒకటి స్పెల్లింగ్ దిద్దుబాటు, "ఇలాంటివన్నీ కలిపి ఒకేసారి పంపండి" అన్నారు. ఆరోది నెట్‌వర్క్ భాగానిది. ఆ కాపలా పెద్దమనిషి ఒకే ముక్క రాశాడు: "దీనివల్ల ఎవరి సమస్య తీరుతుంది?" ఏడోదాని గురించి చెప్పను. తల కొట్టేసినట్టయింది. మా ఆవిడకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలీదు.

ఇలా ఉండగా వాడి ఎక్స్‌రే గదిలో ఒక తంటా వచ్చింది. తీసిన ఫోటోలు ఆ గది కంప్యూటర్ నుంచి పై అంతస్తులో డాక్టరు తెర మీదికి వెళ్ళాలి. వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి ఆగిపోయేవి. మిషన్ ఆపి మళ్ళీ పెడితే వెళ్ళేవి. వైరు మార్చారు, వైరుని కంప్యూటర్‌కి కలిపే నెట్‌వర్క్ కార్డు తీసి అదే రకం ఇంకోటి పెట్టారు. వచ్చిన ప్రతి నిపుణుడూ "ఆపి మళ్ళీ పెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. వాడు మాత్రం "ఎందుకు?" అన్నాడు.

ఆరు వారాలు రాసుకున్నాడు. ఎప్పుడు ఆగింది, ఎన్నో ఫోటో, ఏ భాగం ఫోటో, పంపినవాళ్ళెవరు. చేతివేళ్ళ ఫోటోలకి ఎప్పుడూ ఆగలేదు. వెన్నెముక మొత్తం తీసి, అన్నీ కలిపి ఒకేసారి పంపినప్పుడే ఆగుతోంది. అంటే సరుకు ఎక్కువై అరలు నిండినప్పుడు. అక్కణ్ణుంచి, కార్డుతో కెర్నల్ తరఫున మాట్లాడే ప్రోగ్రాం ఉంటుంది కదా, డ్రైవర్, దాని రాత మొత్తం తెచ్చుకుని చిత్తుకాగితాల వెనకవైపు అచ్చేసుకున్నాడు. మూడువేల పై చిలుకు వరుసలు. భోజనం డబ్బా పక్కన పెట్టుకుని, రోజుకి రెండు కాగితాల చొప్పున, పెన్సిలుతో చదివాడు. ఆ మాట మరదలు చెప్పినప్పుడు నేను పగలబడి నవ్వాను. "ప్రోగ్రాముల్ని కాగితం మీద చదివేవాడు ఇంకా బతికున్నాడా!" అన్నాను. నాలుగు నెలల తర్వాత ఆ నవ్వు నా మొహాన్నే పడింది.

ఆదివారం మధ్యాహ్నం, అత్తవారింటి బాల్కనీ. టీ తాగుతున్నాను. వాడు నోటుబుక్కు, ఒక కాగితం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా, దొరికిందనుకుంటున్నాను. ఒకసారి చూసిపెడతారా? మీరు పెద్దవాటిలో పనిచేసేవాళ్ళు."

నిలబడే చెప్పాడు. కార్డుకి గుండ్రంగా కొన్ని అరలుంటాయి. డ్రైవర్ ఫోటో ముక్కల్ని అరల్లో పెడుతుంది, కార్డు పంపేస్తుంది, పంపినవాటిని ఖాళీ చేసే పని ఇంకొకడిది. అరలు నిండితే డ్రైవర్ "మూసేశాం" అని బోర్డు పెట్టి ఆగాలి. ఖాళీ చేసేవాడు బోర్డు చూసి తీసేస్తాడు.

"ఇక్కడ చూడండి. నిండిపోయిందని డ్రైవర్ చూసుకుంది, బోర్డు పెట్టబోతోంది. సరిగ్గా ఆ సందులో వాడొచ్చి అన్నీ ఖాళీ చేసేశాడు. అప్పటికి బోర్డు లేదు కాబట్టి తీయకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇది బోర్డు పెట్టింది. ఇక ఎవరొస్తారు తియ్యడానికి? లోపల అన్నీ ఖాళీ, బయట బోర్డు. ఫోటోలు అలా నిలబడే ఉంటాయి."

"అయితే?"

"బోర్డు పెట్టాక ఇంకోసారి చూసుకోవాలి. ఖాళీ ఉంటే తనే తీసేసుకోవాలి. అంతే, నాలుగు వరుసలు. నాలుగు రోజులు ఆపకుండా పంపి చూశాను, ఒక్కసారీ ఆగలేదు."

టీ చల్లారిపోయింది. పద్నాలుగో అంతస్తులో కూర్చుని పదకొండేళ్ళు వెతికిన నాకు దొరకనిది మెట్ల కింద వాడికి దొరికింది. ఎవరి సమస్య తీరుతుందని వీణ్ణి ఎవరూ అడగరు. అడిగితే వెన్నెముక ఫోటోలు చూపిస్తాడు. కడుపులో ఎవరో కుంపటి పెట్టినట్టుంది.

కాగితం తీసుకుని చదివాను. రెండోసారి చదువుతుంటే కనబడింది. ఒక్క వరుస తక్కువ.

ఇప్పటి మిషన్లలో ఒకటికి ఎనిమిది ప్రాసెసర్లు ఒకేసారి పనిచేస్తాయి. వాటికి తొందరెక్కువ. ముందు బోర్డు పెట్టు, తర్వాత చూడు అని మనం రాసినా, వేగం కోసం ముందు చూసేసి తర్వాత బోర్డు పెడతాయి. అలా తారుమారు కాకుండా ఆ రెండింటి మధ్య "ఇది అయ్యాకే అది" అని ఒక వరుస రాయాలి. బ్యారియర్ అంటారు. వాడి ఎక్స్‌రే మిషన్ పాతది, ఒకే ప్రాసెసర్. అక్కడ ఆ వరుస లేకపోయినా గడిచిపోతుంది. కొత్త మిషన్లో గడవదు. వాడికది తెలిసే అవకాశం లేదు. నాకు తెలుసు.

"ఎలా ఉంది అన్నయ్యా?"

చెబితే ఒక నిమిషం పని. చెబితే వాడి ప్యాచ్ నిగనిగలాడుతూ లోపలికి వెళ్తుంది. చెప్పకపోతే కాపలా పెద్దమనిషి పట్టుకుని అందరి ముందూ ఉతికి ఆరేస్తాడు, నాకు చేసినట్టే. ఒక్కసారి వీడికీ ఆ రుచి తెలియాలి. ఇంతకంటే మంచి మాటల్లో నా బుద్ధిని చెప్పడం నాకు చేతకాదు.

"బాగుంది. పంపెయ్" అన్నాను.

మంగళవారం పొద్దున లిస్టులో వాడి ప్యాచ్ వచ్చింది. ఆఫీసులో టీ పక్కన పెట్టుకుని, తమాషా చూద్దామని తెరిచాను. కింద వాడి పేరు. దాని కింద ఇంకో వరుస. రివ్యూడ్-బై అని, నా పేరు, నా ఈమెయిల్.

ఆ లోకంలో ఆ వరుసకి పెద్ద విలువ. చదివాను, నాకు తెలిసినంతలో తప్పు లేదు, నాదీ పూచీ అని అర్థం. మనిషిని అడక్కుండా ఆ వరుస రాయకూడదు. వాడికి ఆ మర్యాద తెలీదు. వాడికి తెలిసిన మర్యాద వేరే: పెద్దవాళ్ళు చూసిపెట్టాక వాళ్ళ పేరు చెప్పకపోవడం తప్పు. ఫోన్ చేసి అడిగితే అదే అన్నాడు. "మీరు బాగుందన్నారు కదా అన్నయ్యా, మీ పేరు లేకుండా ఎలా పంపను?"

ఇప్పుడు పెద్దమనిషి ఆ తప్పు పట్టుకుంటే పోయేది నా పరువు కూడా. వీడికి చీవాట్లు పడాలని కోరుకున్నవాణ్ణి, వీడు గట్టెక్కాలని మూడు రోజులు దేవుడికి మొక్కుకున్నాను. అయ్యా, ఒక వరుస తక్కువ అని లిస్టుకి జవాబు రాయబోయాను. మరి అలాంటప్పుడు పూచీ ఎలా పడ్డావు అంటారు. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాను.

నాలుగో రోజు పెద్దమనిషి రాశాడు: "మంచి వివరణ. ఈ వారం నాకు తీరిక లేదు. ఇప్పటికే ఒకరు చూశారు కాబట్టి తీసుకుంటున్నాను."

ఒకరు చూశారు కాబట్టి. ఆ ఒకణ్ణి నేను.

అత్తవారింట్లో ఇల్లంతా నవ్వులు. మామగారు ఆ పేజీ అచ్చు తీయించి గడియారం పక్కనే గోడకి అంటించారు. "ఇద్దరల్లుళ్ళూ కలిసి సాధించారు! పెద్దల్లుడు గారు చూసిపెట్టకపోతే అయ్యేదా?" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. వాడు తల ఊపుతూ "అవును, అన్నయ్య చూశారు" అంటున్నాడు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను. ఇంకా చెప్పాలంటే ఆఫీసులో ఇద్దరికి ఆ పేజీ చూపించాను. పదకొండేళ్ళ కోరిక కదా, ఎలా తీరినా తియ్యగానే ఉంది. మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చాక నా మొహంలోకి చూసి, "మీరు బాగుందన్నారా? మీరు దేన్నీ బాగుందనరే!" అంది. వినబడనట్టు స్నానానికి వెళ్ళిపోయాను.

ఏడు నెలలు గడిచాయి. ఆసుపత్రి వాళ్ళు ఎక్స్‌రే గదికి కొత్త కంప్యూటర్ కొన్నారు. కార్డు మటుకు పాతదే తీసి ఇందులో పెట్టారు, నిదానం బాగుచేసిన కార్డే కదా అని. ఆ కొత్త మిషన్లో ఎనిమిది ప్రాసెసర్లు.

పది రోజులకి ఫోటోలు ఆగిపోయాయి. వారానికి ఒకసారి, తర్వాత రెండుసార్లు. సూపరింటెండెంట్ వాణ్ణి పిలిచి అందరి ముందూ అడిగాడట, "కెర్నల్లోనే బాగుచేశావని మీ మామగారు గోడకి కాగితం అంటించారటగా, ఇదేంటి?" అని. నెలాఖరులోగా తేలకపోతే ఆ గది పని బయటి కంపెనీకి ఇచ్చి, వాణ్ణి సామాన్ల స్టోరులో పెడతానన్నాడట. ఇదంతా మరదలు మా ఇంటికొచ్చి చెప్పింది. "బావగారూ, మీరొకసారి వెళ్ళి చూడండి. అయిదు వారాల నుంచి ఆయన సరిగ్గా తినడం లేదు. మిమ్మల్ని అడగడానికి మొహమాటపడుతున్నారు."

గుండెల్లో రాయి పడింది. అయినా నిజం చెప్పాలి, ఆ రాయి పక్కన చిన్న సంబరం కూడా ఉంది. ఆ సంబరాన్ని మోసుకుంటూనే శనివారం ఆసుపత్రికి వెళ్ళాను.

మెట్ల కింద గది. వాడు లేచి, కుర్చీ మీది మిషన్ని ఒళ్ళోకి తీసుకుని, నన్ను కూర్చోబెట్టాడు. చిక్కిపోయాడు. బల్ల మీద అవే చిత్తుకాగితాలు, ఇప్పుడు ప్రతి పేజీ పెన్సిలు గీతలతో నల్లబడిపోయి ఉంది.

"అన్నీ చూశాను అన్నయ్యా. కొత్త మిషన్ చూశాను, వైరు చూశాను, పై అంతస్తులో డాక్టరు కంప్యూటర్ చూశాను. డ్రైవర్ మొత్తం మళ్ళీ చదివాను. ఎక్కడో నా బుర్రకి అందడం లేదు."

నోటుబుక్కు నా ముందుకి తోశాడు. అయిదు వారాల రాత. ఒక్కో అనుమానం ఒక్కో వరుస, దాని ఎదురుగా చూశాడో లేదో గుర్తు. ఆఖరి పేజీ దాకా తిప్పాను. అన్నిటి ఎదురుగా రెండు మూడు టిక్కులున్నాయి. ఒక్కదాని ఎదురుగా మాత్రం టిక్కు లేదు. "బోర్డు పెట్టాక మళ్ళీ చూసే చోటు" అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో: "ఇక్కడ వెతకనక్కర్లేదు. అన్నయ్య చూశారు."

ప్రతిదానికీ ఎందుకు అని అడిగే మనిషి, ఆ ఒక్క చోట అడగలేదు. అయిదు వారాలు ఇల్లంతా వెతికి, ఆ ఒక్క గది తలుపు తియ్యలేదు, లోపల నేనున్నానని.

నా సంబరం చచ్చిపోయింది. పెన్సిలు తీసుకుని ఆ చిత్తుకాగితం మీద, రెండు వరుసల మధ్య, ఆ ఒక్క బ్యారియర్ వరుస రాసి, "ఎనిమిది ప్రాసెసర్లు కదా, ముందూ వెనకా తారుమారు చేస్తాయి" అన్నాను. వాడు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఎనిమిది ప్రాసెసర్లని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిపాడు. తర్వాత మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ముందే చూసేస్తోంది! బోర్డు పెట్టకముందే! అన్నయ్యా, ఎంత బాగా పట్టారు! నిమిషంలో పట్టేశారు! ఈసారి పైన మీ పేరే పెడతాను."

అక్కడితో ఊరుకుంటే నా పేరు రెండోసారి లోపలికి వెళ్ళేది, ఇంకా పెద్ద అక్షరాలతో. నోరు తెరిచి థాంక్స్ అనబోయాను కూడా.

"ఇప్పుడు పట్టింది కాదు" అన్నాను. "ఆ ఆదివారమే చూశాను. బాల్కనీలో."

వాడి ఒళ్ళోని మిషన్ కిర్రుమంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టాడు. నన్ను తిడతాడనుకున్నాను. వాడు అడిగేదేమిటో నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

"ఎందుకు?"

"కుళ్ళు" అన్నాను. "నీకు దొరికింది, నాకు దొరకలేదు. అంతకంటే కారణం లేదు."

వాడు రబ్బరు తీసుకుని నోటుబుక్కులో ఆ చిన్న అక్షరాలు తుడిచాడు, పొడి ఊదేశాడు, దాని ఎదురుగా టిక్కు పెట్టాడు. కాసేపటికి నేను లేచి వచ్చేశాను. వాడు గుమ్మం దాకా రాలేదు. నన్ను సాగనంపకపోవడం అదే మొదటిసారి.

బుధవారం లిస్టులో కొత్త ప్యాచ్ వచ్చింది. ఒకే వరుస. "ముందు పంపిన దిద్దుబాటులో ఇది వదిలేశాను. తప్పు నాది" అని రాసి కింద వాడి పేరు పెట్టుకున్నాడు. నా పేరు ఎక్కడా లేదు. తిట్టుగానైనా లేదు. పెద్దమనిషి మర్నాడే తీసుకున్నాడు. ఎక్స్‌రే గదిలో ఫోటోలు మళ్ళీ ఆగలేదు, వాణ్ణి స్టోరుకి పంపలేదు. మామగారు రెండో కాగితం కూడా గోడకి అంటించారు. ఇప్పుడు ఆ గోడ మీద గడియారం, పక్కన నా పేరున్న కాగితం, దాని పక్కన నా పేరు లేని కాగితం. నేను ఎటు తిరిగి కూర్చున్నా వీపు మీద ఏదో పాకుతున్నట్టే ఉంటుంది. అత్తవారింట్లో ఎవరికీ వాడేమీ చెప్పలేదు. మా ఆవిడకి నేనే చెప్పాను. "అనుకున్నాను" అని, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడు నెలల తర్వాత వాడి దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. వాడిది ఇంకో ప్యాచ్, అదే డ్రైవర్లో వేరే చోట. రెండే ముక్కలు రాశాడు: "చూసిపెడతారా? ఈసారి ఏమైనా కనిపిస్తే చెప్పండి."

తలుపేసుకుని కూర్చున్నాను. రెండు గంటలు వెతికాను. తారుమారయ్యే చోటు ఉందా, తీసుకున్నది తిరిగి ఇవ్వకుండా పోయే చోటు ఉందా, ఎనిమిది కాదు వంద ప్రాసెసర్లున్నా నిలబడుతుందా. నిలబడుతుంది. బ్యారియర్ పెట్టాల్సిన ప్రతి చోటా పెట్టాడు. ఎందుకు పెట్టాడో కూడా రాశాడు, నేను రాసేదానికంటే బాగా. ఒక్క కామా తప్పు దొరికినా బతికిపోదును. దొరకలేదు. ఫోన్ చేశాను.

"బాగుంది" అన్నాను.

అటువైపు నోటుబుక్కు పేజీ తిప్పిన చప్పుడు.

"నిజంగానేనా అన్నయ్యా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఏ ఒట్టు వేస్తే నమ్ముతాడు? ఉన్నదే చెప్పాను.

"రెండు గంటలు గాలించాను తమ్ముడూ. ఒక్క తప్పు దొరకలేదు. కడుపు మండిపోతోంది."

వాడు నవ్వాడు. ఆ శనివారం తర్వాత నేను విన్న వాడి మొదటి నవ్వు.

"మండిపోతోందా? అయితే సరే" అన్నాడు. "మీ పేరు పెట్టుకుంటాను."